కింద ఏమున్నదో అడిగేవాడు

మా బావ పోయాడన్న కబురు నాకు బడిలో అందింది. ఏడో తరగతికి పాఠం చెప్తున్నాను. కర్నూలు ఆస్పత్రి నుంచి అక్క ఫోన్ చేసింది. అక్క అంటే ఆయన భార్య, నా తోడికోడలు. "చెల్లే, మీ బావ పోయిండే" అన్నది. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. అటువైపు ఎవరో నర్సు ఇంకెవరి పేరో గట్టిగా పిలుస్తున్నది. ఇటువైపు పిల్లలు పుస్తకాలు మూసి నా మొహమే చూస్తున్నారు.

ఇంటికి పోయి అత్తకు చెప్పాలి. బడికీ ఇంటికీ దూరం ఎక్కువేమీ లేదు. ఏ మాటతో మొదలుపెట్టాలో తేలకముందే వాకిలి వచ్చేసింది. అత్త వసారాలో కూర్చొని రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నది. వేళకాని వేళ నన్ను చూసి ఆమె చెయ్యి ఆగింది.

"ఎప్పుడు?" అన్నది.

"ఇప్పుడేనంట అత్తా."

ఆమె మళ్లీ రాట్నం తిప్పింది. చేతిలో ఉన్న కండె నిండేదాకా తిప్పింది. నిండాక దాన్ని తీసి గంపలో వేసి, ఇంకొకటి పెట్టబోయి, పెట్టలేక, అట్లాగే కూర్చుండిపోయింది.

పోయినవాడు ఆమె పెద్దకొడుకు. ఆయనతో ఆమె మాట్లాడక ఏళ్లు గడిచాయి. ఒకే వాకిలి, ఒకే పొయ్యి, ఒకే నీళ్ల తొట్టి. అయినా మాట లేదు. అది ఎందుకో చెప్తేగాని మా బావ ఎవరో మీకు తెలియదు. ఆ సంగతి చెప్పడం నాకు తేలిక కాదు. దాన్ని దాటేసి ఆయన గురించి చెప్పడం అసలే చేతకాదు.

మాది గద్వాలలో నేత కుటుంబం. మామ ఉన్నన్నాళ్లు ఇంట్లో రెండు మగ్గాలు ఆడేవట. ఆయన పోయాక ఒకటి మిగిలింది. దాని మీద వచ్చేది ఇంతమందికి సరిపోక అన్నదమ్ములిద్దరూ పైపులైను పనికి పోయారు. నేను కోడలిగా వచ్చేనాటికి బావ ఆ పనిలో మేస్త్రి. ఊళ్లో ఎక్కడ మంచినీళ్ల పైపు పగిలినా గుత్తేదారు ముందు ఆయనకే కబురు చేసేవాడు. మా ఆయన ఆయన చేతి కిందే పని చేసేవాడు. అన్న ఎంత నిదానమో తమ్ముడు అంత తొందర. ఇద్దరూ పొద్దున కలిసి బయలుదేరితే అన్న వీధి మలుపు తిరిగేలోపు తమ్ముడు పని దగ్గర చొక్కా విప్పి దిగేసేవాడు.

బావ నిదానం ఒట్టి నిదానం కాదని నాకు నెమ్మదిగా తెలిసింది. ఆయన నేల చూస్తూ నడిచేవాడు. నడుస్తూనే చదివేవాడు. సిమెంటు రోడ్డు మీద సన్నగా ఒక అతుకు కనిపిస్తే, ఇక్కడ ఎప్పుడో తవ్వారని ఆయనకు అర్థం. గోడవారగా ఒక ఇనుప గొట్టం భూమిలోకి దిగిపోతుంటే అది ఎటు తిరిగి ఉంటుందో ఆలోచిస్తూ కాసేపు ఆగేవాడు. మా పాపను బడికి తీసుకుపోయేది ఆయనే. అక్కకు, ఆయనకు పిల్లలు లేరు. పాప వేలు పట్టుకొని, "గీ పక్కకు నీళ్ల పైపు పోతది బిడ్డా, గాడ ఫోను తీగ, గా మూలకు మురికి కాలువ" అని చెప్తూ పోయేవాడు. అది విని విని పాప, రోడ్డు కింద ఇంకో ఊరు ఉన్నదనీ, దాంట్లో పెదనాన్నకు అందరూ తెలుసనీ అనుకునేది.

పని మొదలుపెట్టే ముందు కరెంటోళ్లను, నీళ్లోళ్లను, ఆ వీధిలో పాత మనుషులను అడిగేవాడు. కింద తీగ పోతుందని తెలిస్తే దాని మీదుగా సున్నం పోసి గీత గీసేవాడు. ఆ గీత దగ్గర గడ్డపార వాడనిచ్చేవాడు కాదు. పారతో పైపైన గీకుతూ పొమ్మనేవాడు. "మట్టి రంగు మారిందంటె చెయ్యి ఆపాలె" అనేది ఆయన మాట. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి మళ్లీ మొదటిలా ఉండదట. ఎర్రమట్టిలో నల్లమట్టి కలిసి కనిపిస్తుందట, పార తేలిగ్గా దిగుతుందట. అట్లా కనిపిస్తే ఎవరో ముందు వచ్చిపోయినట్టు, ఏదో పెట్టిపోయినట్టు. పద్ధతిగా వేసిన తీగ అయితే పైన గుర్తుగా వరస ఇటుకలో, రంగు ఫీతాయో కనిపిస్తాయి. కనిపించిన చోట ఆగాలి. కనిపించని చోట ఏం చెయ్యాలో ఆయనకూ తెలియదు. ఎవరికీ తెలియదు.

అది ఎండాకాలం. మా వీధికి దగ్గర్లోనే ఒక కాలనీలో పైపు పగిలి రోడ్డు మీదికి నీళ్లు ఊరుతున్నాయి. తాగడానికి నీళ్లు లేక ఆడవాళ్లు బిందెలతో కొట్లాడుకునే రోజులు. తొందరగా చెయ్యమని గుత్తేదారు, తొందరగా చెయ్యమని కాలనీవాళ్లు. అయినా బావ లైన్‌మన్ వచ్చేదాకా పార ముట్టలేదు. లైన్‌మన్ వచ్చాడు. రోడ్డుకు తూర్పు అంచున కరెంటు తీగ పోతుందని చూపించాడు. దానికి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి ఫీజులు తీసేశాడు. బావ సున్నం గీత గీశాడు. చేత్తో ఒక చిన్న గుంత తవ్వించి ఆ తీగను కంటితో చూశాడు. లైన్‌మన్ చెప్పినచోటే ఉంది. చెయ్యవలసినవన్నీ చేశారు. ఇది నేను తర్వాత పదిమందిని అడిగి తెలుసుకున్న సంగతి. ఎక్కడో ఒకచోట తప్పు దొరుకుతుందేమోనని అడిగాను. దొరికి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం ఇద్దరికీ అన్నం తీసుకొని పోయాను. గుంత నడుములోతు అయింది. అడుగున బురదనీళ్లు. మా ఆయన దాంట్లో నిలబడి ఉన్నాడు, ఒళ్లంతా మట్టి. బావ పైన మట్టికుప్ప మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి మా ఆయన తలెత్తి నవ్వాడు.

"ఇయ్యాల గూడ ఉప్పు మర్చిపోయినవా?" అన్నాడు.

"తిని చెప్పు" అన్నాను.

"జరాగు. గీ రాయి ఒక్కటి లేపి వస్త."

గుంత పడమటి గోడలో ఒక రాయి అడ్డం ఉంది. పారకు లొంగడం లేదు. గడ్డపార అందుకొని అన్న వైపు చూశాడు. ఎంత తొందర మనిషైనా అన్నను అడగకుండా గడ్డపార ఎత్తేవాడు కాదు.

బావ అన్నాడు, "అటు ఏం లేదు. కొట్టు."

చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. ఎండలో కూడా కనిపించేంత తెల్లగా ఒక మెరుపు. మా ఆయన గోడకు ఒరిగి, జారి, ఆ నీళ్లలో కూర్చున్నట్టు పడిపోయాడు. చెయ్యి గడ్డపార మీదనే ఉంది. అన్నం గిన్నె ఎక్కడ పడేశానో తెలియదు. పరుగెత్తాను. గుంత అంచుకు చేరేలోపు బావ వెనకనుంచి నన్ను పట్టేసుకున్నాడు. నా రెండు చేతులూ కలిపి ఒంటికి అదిమి, నా మొహాన్ని తన వైపుకు తిప్పేసుకున్నాడు. ఆయన అంత గట్టివాడని నాకు అంతవరకు తెలియదు. కొరికాను. తన్నాను. వదల్లేదు.

"ఎవ్వరు దిగొద్దు! నీళ్లల్ల కరెంటుంది, ముడితె సస్తరు! ట్రాన్స్‌ఫార్మర్ కాడికి ఉరుకున్రి!"

ఒకతను ఉరికాడు. అక్కడినుంచే అరిచాడు, "మేస్త్రీ, గీడ ఫీజులు తీసే ఉన్నయ్!"

అంటే ఆ కరెంటు ఇంకెక్కడినుంచో వస్తున్నది. మాకు తెలిసిన తీగ చచ్చే ఉంది. ఎవరికీ తెలియని ఇంకో తీగ, రోడ్డు అవతలి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఎవరో ఎప్పుడో దేనికో లాగింది, ఇటుకా ఫీతా ఏమీ లేకుండా ఆ రాయి వెనక పోతున్నది. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన అది ఎక్కడినుంచి వస్తుందో అక్కడున్నవాళ్లలో ఎవరికీ తెలియదు.

"సబ్‌స్టేషన్‌కు ఫోన్ చెయ్యి! ఊరంత బంద్ చెయ్యమను! ఊరంత!" బావ గొంతు చీలిపోయింది. కూలీల్లో ఒకతను పంచె ఎగజెక్కి గుంతలోకి దూకబోయాడు. బావ నన్ను పట్టుకునే కాలితో అతన్ని వెనక్కి తన్నాడు. ఎండుకట్టె కోసం ఇంకొకతను వెతుకుతున్నాడు. చేతికి దొరికిన ప్రతి కట్టే ఊరిన నీళ్లతో తడిసి ఉంది.

ఆ వీధి చివర ఒక పిండిగిర్ని ఉంది. అది ఆడుతున్నది. కరెంటు పోయిందో లేదో తెలిసేందుకు బావ చెవులు దానిమీదే ఉన్నాయని నాకు అప్పుడు తెలియదు. నేను అరుస్తున్నాను, గిర్ని ఆడుతున్నది, ఆయన గుండె నా చెవికి తగిలి కొట్టుకుంటున్నది. ఎంతసేపో చెప్పలేను. గిర్ని ఆగిపోయింది. ఇళ్లల్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. అప్పుడు నన్ను వదిలి అందరికంటే ముందు బావే గుంతలో దూకాడు. తమ్ముణ్ణి ఎత్తి పైన పడుకోబెట్టి రొమ్ము మీద రెండు చేతులతో ఒత్తాడు. ఒత్తుతూనే ఉన్నాడు. జీపులో దవాఖానకు పోయేంతవరకు, దవాఖానలో డాక్టరు భుజం మీద చెయ్యి వేసి ఆపేంతవరకు ఒత్తుతూనే ఉన్నాడు.

అత్త వచ్చేసరికి జనం ఆమెకు అంతా చెప్పేశారు. జరిగింది జరిగినట్టే చెప్పారు. పెద్దోడు నిలబడ్డడు, ఎవ్వరినీ దిగనియ్యలే, దిగబోయినోన్ని తన్నిండు. అబద్ధం ఒక్కటీ లేదు.

"నీ తోడ పుట్టినోడు గాడ సస్తుంటె నిలవడి చూసినవా?" అన్నది అత్త.

బావ తల దించుకున్నాడు. నేను చెప్పి ఉండవలసింది, చెప్పలేదు. ఆమె ఆయనతో అన్న ఆఖరి మాట అదే.

తర్వాత ఆమె పక్క నా గదిలోకి మారింది. బావ మందుబిళ్లలు తెచ్చి గూట్లో పెట్టేవాడు. ఆమె వాటిని నేను తీసి ఇస్తేనే వేసుకునేది. ఆయన నీళ్లు తోడి పెడితే ఆ నీళ్లు అక్క వచ్చి ఇంకో బిందెలోకి పోస్తేగాని ముట్టేది కాదు. ఆయన అవన్నీ చూసేవాడు, మరునాడు మళ్లీ తోడేవాడు. తమ్ముడి చెప్పులు వసారాలో ఒక మూల అట్లాగే ఉండిపోయాయి. వాటిని తియ్యమని అక్క ఒకసారి అంటే, "ఉండనీ" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన గట్టిగా అన్న మాట నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

అత్తతో నేను తర్వాత మాట్లాడాను. పాప నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం. "బావ నన్ను పట్టుకోకుంటె నేను గూడ పోతుంటి అత్తా. నా వెనుక ఇంకొకడు, ఇంకొకడు. పాపకు ఎవ్వరు మిగలకపోదురు" అన్నాను. ఆమె నా వైపు తిరగలేదు.

"నాకు తెల్వదనుకుంటున్నవా బిడ్డా?" అన్నది. "ఆ దినమే తెల్సింది. వాడు చేసింది తప్పు కాదని తెల్సు. తెల్సి గూడ నోరు పెగల్తలేదు. ఏం జెయ్యమంటవ్?"

ఏం చెయ్యమంటాను? ఆమె కోపంగా ఉందని అనుకున్నన్ని రోజులు కోపం తగ్గుతుందన్న ఆశ ఉండేది. అది కోపం కాదని తెలిశాక ఆ ఆశ కూడా పోయింది. ఈ మాట నేను బావకు చెప్పాను. విని, "అట్లనా" అని మాత్రం అన్నాడు. కాసేపటికి వాకిట్లోకి పోయి, అవసరం లేకపోయినా తొట్టి కడిగాడు.

ఆయన నన్ను మళ్లీ చదువుకు పంపాడు. పెళ్లితో ఆగిన డిగ్రీ పూర్తి చేయించి, బీఈడీ పరీక్షలకు వనపర్తికి తనే తీసుకుపోయేవాడు. పరీక్ష అయ్యేదాకా గేటు బయట గోడ నీడన కూర్చునేవాడు. తమ్ముడి భార్యను బండి మీద ఎక్కించుకొని తిరుగుతున్నాడని వీధిలో ఒకరిద్దరు గొణిగారు. దానికి అక్క, ఇంకోసారి ఆ మాట అంటే పళ్లు రాలగొడతానని వీధి మధ్యలో నిలబడి చెప్పింది. గొణుగుడు ఆగింది.

మేస్త్రి పని ఆయన మానేశాడు. వేరే పని చేతకాక మళ్లీ అదే పనికి పోయాడు, కూలీగా. ఎవరికీ 'కొట్టు' అని చెప్పే పని తనకు వద్దన్నాడు. కానీ ఎక్కడ తవ్వకం కనిపించినా ఆగకుండా పోలేకపోయేవాడు. బస్సులో పోతూ కిటికీలోంచి చూస్తే కూడా మెడ తిప్పి చూసేవాడు. దగ్గరికి పోగలిగితే పోయి ఒక్కటే అడిగేవాడు, "కింద ఏమున్నదో అడిగినరా?"

నాకు ఉద్యోగం వచ్చే ముందు నాగర్‌కర్నూల్‌లో ఒక బడికి ఇంటర్వ్యూకు పోయాం. తిరిగి బస్టాండుకు నడుస్తుంటే రోడ్డువారగా ఇంటర్నెట్ తీగ కోసం జేసీబీతో కాలువ తవ్వుతున్నారు. బావ ఆగిపోయాడు. సున్నం గీత లేదు, గుర్తు లేదు, దగ్గర్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఆయన పోయి డ్రైవరును అడిగాడు.

"కింద ఏమున్నదో అడిగినరా?"

"మాకేం తెల్సు పెద్దమనిషి? తవ్వమన్నరు, తవ్వుతున్నం."

"కరెంటోల్లకు చెప్పిన్రా? జర ఆపు. ఒక్కసారి ఫోన్ చేసి అడుగున్రి."

డ్రైవరు నవ్వి బకెట్ పైకెత్తాడు. బావ పోయి దాని ముందు నిలబడ్డాడు. నేను బెదిరిపోయాను. హారన్ కొట్టారు. కదల్లేదు. సూపర్‌వైజరు ఒకతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. చదువుకున్న కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. "పెద్దాయనా, మాకు పర్మిషన్ ఉంది. మీరు పక్కకు రండి, మీకే దెబ్బ తగుల్తది" అని భుజం పట్టి పక్కకు నడిపించాడు. బావ నడిచాడు. ఇంకేం చెయ్యగలడు?

మేము రోడ్డు ఇవతల ఒక హోటల్ ముందు కూర్చున్నాం. ఊరికి పోయే బస్సు వెళ్లిపోయింది. ఆయన లేవలేదు. జేసీబీ ట్రాన్స్‌ఫార్మర్ దాటేదాకా చూస్తూనే ఉన్నాడు. బకెట్ దిగిన ప్రతిసారీ ఆయన చేతిలో చాయ్ తొణికేది. ఏమీ కాలేదు. కాలువ తవ్వారు, నల్లటి గొట్టం దించారు, పూడ్చి వెళ్లిపోయారు. సూపర్‌వైజరు పోతూ పోతూ మా వైపు చెయ్యి ఊపాడు.

"మంచిదైంది. ఏం కాలే" అన్నాడు బావ. కాసేపటి తర్వాత, "అటు ఏం లేదని నేను గూడ అన్న. నిజంగ లేకపోయుంటె నాకు గూడ గిట్లనే అయితుండె, బిడ్డా. ఎవ్వలం ఏం అనుకోకపోదుము. అన్నం తిందుము" అన్నాడు.

ఆ రోజు గురించి ఆయన మాట్లాడింది అప్పటికి అంతే. నేను ఎన్నోసార్లు అడగాలనుకున్నాను. చివరికి వినవలసింది ఆయన నోటి నుంచే విన్నాను. వినకపోతే బాగుండేదా అంటే చెప్పలేను.

రెండు మూత్రపిండాలూ చెడిపోయాయని తెలిశాక ఆయన్ను వనపర్తిలో రక్తం శుభ్రం చేసే మిషన్ దగ్గరికి తీసుకుపోయేవాళ్లం. ఒక్కోసారి అక్క పోయేది, బడి లేని రోజు నేను. మంచం మీద పడుకోబెట్టి చేతికి సూదులు పెడితే ఆ మిషన్ తిరగడం మొదలుపెట్టేది. ఎర్రటి గొట్టాలను ఆయన చాలా ఇష్టంగా చూసేవాడు. "ఎంత పద్ధతిగ వేసిండ్రు చూడు. ఏది పోయేది, ఏది వచ్చేది, అంత కండ్లముందే కనవడతది" అనేవాడు. ఆ మాటకు నర్సమ్మ నవ్వేది.

ఒకరోజు మిషన్ ఎక్కాక కళ్లు మూసుకొని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"బిడ్డా" అన్నాడు. "ఆనాడు నీ మొఖం ఇటు తిప్పిన గదా."

"ఊ."

"నువ్వు చూడలేదు. నేను చూసిన. వాని చెయ్యి కదిలింది."

నేను మంచం అంచు పట్టుకున్నాను.

"ఎడమ చెయ్యి. గడ్డపార మీద ఉన్నది కాదు, రెండోది. ఇట్ల లేచింది. మనదిక్కు." ఆయన సూదులు లేని చేతిని దుప్పటి మీంచి కొంచెం పైకెత్తి చూపించాడు. "గా చెయ్యి కరెంటుతోటి కదిలిందో, వాడే లేపిండో నాకు తెల్వదు. గిర్ని ఇంక ఆడుతుండె. కరెంటు పడ్డోని ఒల్లు గట్ల గుంజుతదని నాకు తెల్సు. పనిలో చూసిన. కని వాడు నన్ను పిలిచిండేమో గూడ. రమ్మని పిలిచిండేమో. పోలే నేను."

"పోతే నువ్వు గూడ..."

"ఆఁ. పోతె నేను గూడ. నిన్ను వదిలితె నువ్వు గూడ. లెక్క సరిగనే ఉంది. కని చెయ్యి లేచింది బిడ్డా."

మిషన్ తిరుగుతూనే ఉంది. పక్క మంచంలో ఎవరో ఫోన్‌లో పొలం నీళ్ల గురించి మాట్లాడుతున్నారు. నేను ఏమన్నా అనాలి. నేను బడిలో మాటలు చెప్పి బతికేదాన్ని. ఆయన నా నుంచి మాట కోసం చూడలేదు. ఇన్నేళ్లు తన దగ్గరే పెట్టుకున్నదాన్ని పోయేముందు ఎక్కడో దించాలనిపించింది కాబోలు. కాసేపటికి నిజంగానే నిద్రపోయాడు. నిద్రలో ఆ చెయ్యి దుప్పటి మీద బోర్లా పడి ఉంది. దాన్ని పట్టుకొని కూర్చున్నాను. నన్ను ఆనాడు పట్టుకున్న చెయ్యి అదే. ఇప్పుడు దాంట్లో బలం లేదు. నా వేళ్లు సులభంగా దాని చుట్టూ తిరిగాయి.

ఈ మాట అత్తకు చెప్పలేదు. ఎట్లా చెప్తాను? చెప్తే ఆమెకు పెద్దకొడుకు బాధ తెలుస్తుంది, చిన్నకొడుకు చెయ్యి లేచిందనీ తెలుస్తుంది. ఒకటి దాచి ఒకటి చెప్పే వీలు లేదు.

ఊపిరి అందక కర్నూలుకు తీసుకుపోయిన పొద్దున అంబులెన్సు వీధిలోకి రాలేక మలుపు దగ్గర ఆగింది. అక్కడ మురికి కాలువ కోసం రోడ్డు తవ్వి పెట్టారు. స్ట్రెచరు మీద ఆయన్ను ఆ గుంత పక్కనుంచి మోసుకుపోయారు. ఆ స్థితిలో కూడా ఆయన తల పక్కకు తిప్పి గుంతలోకి చూశాడు. అత్త మా వెనకే గోడ పట్టుకొని నడిచి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. అంబులెన్సు తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"అమ్మా, పోయొస్త" అన్నాడు బావ, మూతి మీది గొట్టం పక్కకు జరిపి.

అత్త గొంతు కదిలింది. మాకందరికీ కనిపించింది. మాట బయటికి రాలేదు. డ్రైవరు "తలుపు వెయ్యాలె అవ్వా" అన్నాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. అక్కే నెమ్మదిగా ఒక్కొక్క వేలూ విడిపించింది.

ఇది చదువుతున్న మీకు మా బావ ఎవరో తెలియదు. ఆయన వల్ల ఎక్కడన్నా ఒక తవ్వకం ఆగిందా, ఒక మనిషి బతికాడా అని ఎవరన్నా అడిగితే నా దగ్గర జవాబు లేదు. నన్ను నేను చూపించుకోవడం తప్ప. ఆయన అడిగినప్పుడు చాలామంది నవ్వారు, కొందరు విసుక్కున్నారు, ఒకరిద్దరు ఫోన్ చేసి కనుక్కున్నారు. మా ఊళ్లల్లో రోడ్లు తవ్వుతూనే ఉన్నారు. నీళ్ల కోసం ఒకరు, తీగల కోసం ఒకరు, పూడ్చినదాన్నే మళ్లీ తవ్వుతూ ఇంకొకరు. బడికి పోతూ వాళ్లను చూస్తే నా కాళ్లు ఆగుతాయి. ఆయనలా ముందుకు పోయి అడుగుతాను. "మాకేం తెల్సు టీచరమ్మా" అంటారు. నిజమే, వాళ్లకేం తెలుసు? తవ్వే మనిషికి తెలియదు, తవ్వించేవారు అక్కడ ఉండరు, పాతినవాళ్లు ఎప్పుడో పోయారు. అయినా మీ ఇంటిముందు ఎవరన్నా గడ్డపార ఎత్తితే ఒక్కసారి అడగండి. ఆ గుంతలో ఉన్నవాళ్ల కోసం అడిగిన మనిషి కనీసం ఒకరు ఉన్నట్టు.

బూడిద కలపడానికి బీచుపల్లికి పోయాం. బావకు వరుసకు తమ్ముడయ్యే ఒకాయన కర్మ చేశాడు. అత్తను ఇంటి దగ్గర ఉండమన్నాం, నది దాకా ఎట్లా పోతావన్నాం. వినలేదు. ఆటోలో అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. ఆంజనేయస్వామి గుడి దాటి రేవులోకి దిగాం. కృష్ణ నిండుగా లేదు, మెల్లగా పోతున్నది. పంతులు మంత్రం చదివి కుండ వంచమన్నాడు. వంచేలోపు అత్త మెట్లు దిగి నీళ్లలోకి పోయింది. అక్క ఆపబోతే నేను వద్దన్నాను. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. అక్కడ ఆగి రెండు చేతులూ చాపింది. కర్మ చేసినాయన కుండను ఆమె చేతుల్లోకే వంచాడు.

బూడిద ఆమె వేళ్ల సందుల్లోంచి జారి నీళ్ల మీద కాసేపు తెల్లగా తేలి, విడిపోయి, పోయింది. ఆమె ఇంకా అట్లాగే నిలబడి ఉంది, ఖాళీ చేతులు నీళ్ల మీద చాపి, మాకు వీపు పెట్టి. పంతులు మూట కట్టుకున్నాడు. ఆటో డ్రైవరు పైనుంచి తొంగి చూశాడు. అక్క, నేను మెట్టు మీద కూర్చున్నాం. ఆమె తల చిన్నగా ఊగుతున్నది, ఎవరితోనో ఏదో చెప్తున్నప్పుడు ఊగినట్టు. ఏదో చెప్తూనే ఉంది, ఆగి, మళ్లీ చెప్తున్నది. పైన వంతెన మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఒడ్డున ఉన్న మాకు ఒక్క మాటా వినిపించలేదు.